కంటికి అద్దం, వేడికి గోడ: పరారుణ ఫైబర్లకు వేరే గాజు ఎందుకు?

కోవిడ్ రోజుల్లో ఆఫీసు గేటు దగ్గర నుదుటికి గురిపెట్టిన థర్మల్ గన్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. కారు అద్దం దించకుండా దాన్ని లోపలి మనిషి వైపు చూపిస్తే అది మనిషి ఒంటి వేడిని చెప్పదు, అద్దం వేడిని చెబుతుంది. మన కంటికి ఆ అద్దం ఉన్నట్టే అనిపించదు. ఆ పరికరానికి మాత్రం అది గోడ.

ఒంటి నుంచి వెలువడే కిరణాల్లో ఎక్కువ భాగం 9, 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం చుట్టుపక్కల ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కంటికి కనిపించే వెలుతురు 0.4 దగ్గర మొదలై 0.7 దగ్గర అయిపోతుంది. ఆ పైన మొదలయ్యేది పరారుణం, వాడుకలో ఇన్‌ఫ్రారెడ్. టీవీ రిమోట్ లోంచి వచ్చే 0.94 మైక్రాన్ల కిరణమూ పరారుణమే, ఇస్త్రీ పెట్టె దగ్గర చెయ్యి పెడితే తగిలే సెగలోనూ ఉన్నది ప్రధానంగా పరారుణమే. గాజు మాత్రం ఈ రెంటినీ ఒకేలా చూడదు. మొదటిదాన్ని హాయిగా పోనిస్తుంది, రెండోదాన్ని మింగేస్తుంది.

ఇంటర్నెట్‌ను మోసే ఆప్టికల్ ఫైబర్ కూడా గాజుపోగే. కరెంటు స్తంభాల మీదుగా ఊళ్లలోకి వచ్చిన ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్లో ఉన్నదీ, సముద్రం అడుగున పరిచిన కేబుల్లో ఉన్నదీ సిలికా గాజు. ఇసుకలో ఉండే పదార్థాన్నే అతి శుద్ధంగా తయారుచేసి, వెంట్రుక మందాన తీగ సాగదీస్తారు. అందులో ఎక్కువగా నడిచేది 1.31, 1.55 మైక్రాన్ల కాంతి. అంటే ఇంటర్నెట్ నడిచేదే పరారుణం మీద. అలాంటప్పుడు పరారుణ ఫైబర్ అని వేరే పేరూ, వేరే గాజూ, వేరే కొలిమీ ఎందుకు? 2 మైక్రాన్లు దాటగానే సిలికా చేతులెత్తేస్తుంది కాబట్టి. ఆ అవతల ఉన్న ప్రపంచం చిన్నదేమీ కాదు. పరారుణంలో నీరు కాంతిని అన్నిటికంటే గట్టిగా పీల్చుకునే చోటు 2.94 మైక్రాన్ల దగ్గర ఉంది. మీథేన్‌ను 3.3 దగ్గర, కార్బన్ డయాక్సైడ్‌ను 4.26 దగ్గర, కార్బన్ మోనాక్సైడ్‌ను 4.6 దగ్గర ఇట్టే పసిగట్టవచ్చు. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ 1964లో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టిన కార్బన్ డయాక్సైడ్ లేజర్ వెలిగేది 10.6 మైక్రాన్ల దగ్గర. ఇన్ని పనులున్న కాంతిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి, మలుపులు తిప్పుకుంటూ తీసుకెళ్లే తీగ కావాలి. సిలికా ఆ తీగ కాలేదు.

ఎంత కాలేదో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. ఫైబర్‌లో నష్టమయ్యే వెలుతురును డెసిబెల్‌లో కొలుస్తారు. 3 డెసిబెల్ పోతే సగం మిగులుతుంది, 10 పోతే పదో వంతు, 20 పోతే నూరో వంతు. 1966లో ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న చార్లెస్ కావ్, జార్జ్ హాక్‌హామ్ గాజుపోగులో కిలోమీటరుకు 20 డెసిబెల్ కంటే ఎక్కువ పోకపోతే చాలు, టెలిఫోన్ మాటలు దానిలో పంపొచ్చని లెక్క వేశారు. అమెరికాలో కార్నింగ్ కంపెనీ 1970లో 17 డెసిబెల్‌కు తెచ్చింది. జపాన్ వాళ్లు 1979కి 1.55 మైక్రాన్ల దగ్గర 0.2కు దించారు. అంటే 15 కిలోమీటర్లు వెళ్లాక కూడా సగం వెలుతురు మిగులుతుంది. కావ్‌కు 2009లో నోబెల్ వచ్చింది. ఇంతా చేసి, అదే ఫైబర్‌లో 2 మైక్రాన్ల కాంతిని పంపితే కిలోమీటరుకు ఇరవై డెసిబెల్ చొప్పున పోతుంది. 2.5 దగ్గర ఇక కిలోమీటర్ల లెక్క మానుకోవాలి, మీటరుకే 3 డెసిబెల్ పోతుంది. 3 మైక్రాన్ల దగ్గర మీటరుకు పదుల డెసిబెల్. ఆ కాంతికి సిలికా ఫైబర్ ఒక మీటరు పొడవున్నా మూసిన తలుపే.

దీనికి కారణం గాజులోని మలినాలు కాదు. ఎంత శుద్ధి చేసినా పోని కారణం అది. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల మధ్య బంధం బిగుతైన స్ప్రింగులా ఉంటుంది. స్ప్రింగు ఎంత బిగుతైతే, దానికి వేలాడే బరువు ఎంత తేలికైతే ఊపు అంత వేగంగా ఉంటుంది. సిలికాలో ఆ ఊపుకు సరిగ్గా జత కుదిరే కాంతి 9 మైక్రాన్ల దగ్గర ఉంది. ఆ కాంతి తగిలితే బంధం దాన్ని పట్టుకుని ఊగుతుంది, వెలుతురు కాస్తా వేడి అయిపోతుంది. పోనీ అక్కడితో ఆగుతుందా అంటే ఆగదు. రెండు ఊపుల శక్తినీ, మూడు ఊపుల శక్తినీ ఒక్కసారే పట్టుకొచ్చే పొట్టి తరంగాలను కూడా కొంచెం కొంచెంగా తినేస్తుంది. ఊపుల సంఖ్య పెరిగేకొద్దీ ఆ తినడం తగ్గుతూ వస్తుంది. 9 దగ్గర మొదలైన ఆ తోక సన్నబడుతూ 2 మైక్రాన్ల దాకా సాగుతుంది. సిలికాకు గీసిన లక్ష్మణరేఖ అదే.

మరి ఉపాయం? ఊపును నెమ్మదింపజేయడమే. తేలికైన పరమాణువుల బదులు బరువైనవి పెట్టాలి, బిగుతైన బంధాల బదులు వదులువి పెట్టాలి. ఆక్సిజన్ స్థానంలో ఫ్లోరిన్, సిలికాన్ స్థానంలో జిర్కోనియం వస్తే ఆ ఊపు 17 మైక్రాన్ల దగ్గరకు జరుగుతుంది. ఆర్సెనిక్, గంధకం కలిస్తే 29 దగ్గరకు, గంధకం బదులు సెలీనియం పెడితే 40 దాటి పోతుంది. ఊపు అటు జరిగితే దాని తోకా జరుగుతుంది, దారి తెరుచుకుంటుంది.

చిక్కు కూడా ఇక్కడే పుడుతుంది. బంధాలు వదులుగా ఉన్న గాజు తక్కువ వేడికే మెత్తబడుతుంది. సులువుగా విరుగుతుంది. నీటికి, గాలికి లొంగుతుంది. కాంతికి దారి ఇచ్చిన గుణమే గాజును బలహీనం చేసింది. ఈ రెంటినీ విడదీసే మార్గం రసాయన శాస్త్రంలో లేదు, ఎందుకంటే అవి రెండు గుణాలు కావు, ఒకే గుణానికి రెండు ముఖాలు. పరారుణ ఫైబర్ల అరవై ఏళ్ల చరిత్రలో ప్రతి ఓటమికీ, ప్రతి గెలుపుకూ మూలం ఇదే.

తీగపాకం చిక్కు

ఫ్రాన్స్‌లోని రెన్ విశ్వవిద్యాలయంలో 1974లో పూలాన్ సోదరులు మార్సెల్, మిషెల్, వారితో జాక్ లూకా జిర్కోనియం ఫ్లోరైడ్ స్ఫటికాలు పెంచే పనిలో ఉన్నారు. స్ఫటికం కావాలనుకుంటే గాజు వచ్చింది. ఫ్లోరైడ్లలో అంత బరువైన లోహంతో గాజు కడుతుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. దానికి బేరియం, లాంథనం, అల్యూమినియం, సోడియం ఫ్లోరైడ్లు తగు పాళ్లలో కలిపి స్థిరపరచిన రకమే ఇప్పుడు జీబ్లాన్ అనే పేరుతో ప్రసిద్ధం. ఐదు లోహాల రసాయన సంకేతాల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు. ఆ పరిశోధన లోంచే 1977లో బ్రిటనీ ప్రాంతంలో ల వెర్ ఫ్లువోరే అనే చిన్న కంపెనీ పుట్టింది. నేటికీ ఈ రంగంలో ఆ పేరు వినపడని సమావేశం ఉండదు.

గాజు దొరకడం ఒక ఎత్తు, దాన్ని తీగ సాగదీయడం ఇంకో ఎత్తు. అరిసెలు వండేవారికి ఇది చెప్పనక్కర్లేదు. పాకం లేతగా ఉంటే తీగ రాదు, ముదిరితే తెగుతుంది. ఆ రెంటి మధ్య ఒక్క ఘడియ ఉంటుంది. సిలికాకు ఆ ఘడియ చాలా పొడుగు. సుమారు 2,000 డిగ్రీల సెల్సియస్ దగ్గర వందల డిగ్రీల మేర అది తీగపాకంలోనే ఉంటుంది, నింపాదిగా కిలోమీటర్ల కొద్దీ లాగొచ్చు. జీబ్లాన్ 260 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది. అక్కడి నుంచి వేడి కొద్దిగా పెరిగినా పాకం నీళ్లలా జారిపోతుంది. లాగడానికి అనువైన చోటు 300 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ, అదీ కొన్ని డిగ్రీల మేర మాత్రమే.

పాకంతో పోలిక ఇంకో అడుగు కూడా ముందుకు వెళ్తుంది. అదే పంచదార పాకాన్ని చప్పున చల్లారిస్తే నున్నటి బిళ్ల అవుతుంది, నెమ్మదిగా పేరుకోనిస్తే పటికబెల్లం అవుతుంది. మొదటిది గాజు, రెండోది స్ఫటికం. జీబ్లాన్ మనసు ఎప్పుడూ పటికబెల్లం వైపే. తీగ లాగే వేడి దాటి మరికొంత పైకి పోతే చాలు, లోపల కంటికి కనిపించని స్ఫటికాలు మొలుస్తాయి. ఒక్కో స్ఫటికమూ దారిలో రాయి లాంటిది, తగిలిన వెలుతురు చెదిరి బయటికి పోతుంది. సిలికాకు ఈ బెడద దాదాపు లేదు.

ఇంత కష్టం ఎందుకు పడ్డారంటే, 1980ల్లో కనిపించిన కల అంత పెద్దది. గాజులో సహజంగా ఉండే సూక్ష్మమైన ఎగుడుదిగుళ్ల వల్ల కాంతి చెదరడం తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ నాలుగో ఘాతంలో తగ్గుతుంది. 1.55 మైక్రాన్ల నుంచి 2.5కు వెళ్తే ఆ చెదరడం దాదాపు ఏడో వంతుకు పడిపోతుంది. సిలికా ఆ లాభం తీసుకోలేదు, ఈలోగా దాని తోక అడ్డం వస్తుంది. జీబ్లాన్ తీసుకోగలదు. లెక్క ప్రకారం దాని నష్టం కిలోమీటరుకు 0.01 డెసిబెల్ వరకు దిగొచ్చు. అంటే 300 కిలోమీటర్లు వెళ్లాకే సగం పోతుంది. మధ్యలో ఎక్కడా ఊతం లేకుండా సముద్రాలు దాటించవచ్చు! బ్రిటిష్ టెలికాం, జపాన్‌కు చెందిన ఎన్‌టీటీ, అమెరికా ప్రయోగశాలలు అన్నీ ఈ వేటలో పడ్డాయి. చేతికి వచ్చింది మాత్రం కిలోమీటరుకు ఒక డెసిబెల్‌కు కొంచెం లోపు, అదీ పొట్టి ముక్కల్లో. ఇనుము, రాగి, కోబాల్ట్ లాంటివి వంద కోట్ల పాళ్లలో కొన్ని పాళ్లున్నా చాలు వెలుతురును తాగేస్తాయి. ఆక్సిజన్ కలిస్తే తరకలు కడుతుంది. తేమ తగిలితే 2.9 మైక్రాన్ల దగ్గర గోడ లేస్తుంది.

ఈ కల శుద్ధి కుదరక చెదిరిపోయిందని సాధారణంగా చెబుతారు. అది సగం నిజమే. దానికి అసలు దెబ్బ బయటి నుంచి పడింది. 1987లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం, అమెరికాలో బెల్ ల్యాబ్స్ సిలికా ఫైబర్‌లో ఎర్బియం అనే మూలకం కొంచెం కలిపి, నీరసించిన వెలుతురును ఫైబర్ లోపలే తిరిగి బలపరచవచ్చని చూపించారు. 1988లో వేసిన అట్లాంటిక్ కేబుల్లో కొన్ని పదుల కిలోమీటర్లకొకసారి వెలుతురును కరెంటుగా మార్చి, మళ్లీ వెలుతురు చేయాల్సి వచ్చేది. 1990ల మధ్యకల్లా ఎర్బియం ఆ అవసరం తీసేసింది. దారిలో పోయినదాన్ని చవగ్గా నింపుకోగలిగినప్పుడు, పోనివ్వని ఖరీదైన గాజు ఎవరికి కావాలి? సిలికా మరీ మంచిదేమీ అయిపోలేదు, దాని లోపం పట్టించుకోనక్కర్లేని లోపం అయింది. సాంకేతిక చరిత్రలో ఇలాంటి ఓటములకు ఎప్పుడూ తగినంత సానుభూతి దొరకదు.

అదే ఎర్బియం, ఇంకో గాజులో

విచిత్రం ఏమిటంటే, జీబ్లాన్ దారి మూసేసిన ఎర్బియమే దానికి బతుకుతెరువు చూపించింది. ఎర్బియం పరమాణువు ఒక శక్తి మెట్టు నుంచి కింది మెట్టుకు దిగితే 2.8 మైక్రాన్ల కాంతి రావాలి. సిలికాలో అది రాదు. గాజు ఊపు బలమైనది కాబట్టి, మూడు నాలుగు ఊపులు కలిసి ఆ శక్తిని వేడిగా లాగేసుకుంటాయి, కాంతి పుట్టేలోగానే మెట్టు ఖాళీ అయిపోతుంది. జీబ్లాన్‌లో ఊపు బలహీనం. అంత శక్తి లాక్కోవాలంటే ఆరేడు ఊపులు ఏకం కావాలి, అది అరుదు. అందుకని పరమాణువు తీరిగ్గా నిలబడి తన కాంతిని తాను వదులుతుంది. 1988లో బ్రిటిష్ టెలికాం పరిశోధకులు ఈ లేజర్‌ను మొదట ఫైబర్‌లో వెలిగించారు. కెనడాలోని లావల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018కి దాన్ని 40 వాట్లు దాటించారు. డిస్ప్రోసియం, హోల్మియం కలిపితే 3, 3.9 మైక్రాన్ల దగ్గర కూడా లేజర్లు వస్తాయి. ఇక్కడ పొడవు కిలోమీటర్లు కాదు, మీటర్లు. మీటర్లలో జీబ్లాన్ నష్టం ఎవరికీ పట్టదు.

ఆ 2.8 మైక్రాన్ల మీద అంత మోజు ఎందుకంటే, నీరు దాన్ని బాగా తాగుతుంది. మన కణజాలం అంతా నీరే. పక్కనే ఉన్న 2.94 దగ్గర కాంతి నీటిలో మైక్రాన్ లోతుకు మించి చొరబడదు, తగిలిన చోటే ఆవిరి చేసి అక్కడే ఆగిపోతుంది. చర్మం మీద, పంటి మీద పలుచగా గీకినట్టు పనిచేయడానికి అంతకన్నా ఏం కావాలి? కిడ్నీలో రాళ్లు పగలగొట్టే హోల్మియం లేజర్ 2.1 మైక్రాన్లది. అది సిలికా సరిహద్దును కొద్దిగానే దాటింది, కావాల్సిన పొడవూ కొన్ని మీటర్లే కాబట్టి తేమ తక్కువున్న సిలికా ఫైబర్‌తోనే ఆ కాంతిని మూత్రనాళం గుండా లోపలికి పంపగలుగుతున్నారు. హైదరాబాద్, విజయవాడ ఆసుపత్రుల్లో కోత లేకుండా రాయి తీశామని చెప్పే మాటల వెనుక చాలాసార్లు ఉండేది ఆ పోగే. ఇంకొంచెం అవతలికి, 2.94కు వెళ్తే అంత తేలికైన దారి లేదు. ఫ్లోరైడ్, జర్మేనియం గాజులు, నీలమణి తీగలు వెతుక్కోవాలి, లేదా అద్దాలు బిగించిన కీళ్ల చేతిని వాడాలి.

నీటి మీద ఈ ప్రేమ లేజర్‌కే ఎసరు పెడుతుంది. జీబ్లాన్ ఫైబర్ కొసకు గాలిలోని తేమ తగులుతూ ఉంటే, అది మెల్లగా గాజులోకి ఇంకుతుంది. ఇంకిన తేమ తన లేజర్ కాంతినే పీల్చి వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా ఇంకుతుంది. కొన్ని గంటల్లో కొస కాలిపోతుంది. ఈ రంగంలో పనిచేసేవాళ్లకు దీన్ని మించిన టెన్షన్ ఇంకోటి ఉండదేమో. అందుకని కొసకు అల్యూమినియం ఫ్లోరైడ్ లాంటి తేమను తట్టుకునే ఇంకో గాజు మూత అతికిస్తారు. కొండ నాలుకకు మందేసినట్టే ఉంటుంది, కాకపోతే ఉన్న నాలుక ఊడకుండా కొంతకాలం కాస్తుంది.

హరిదళం గాజు

ఆయుర్వేద మూలికల దుకాణంలో హరిదళం అని అడిగితే ఇచ్చే పసుపుపచ్చ ఖనిజం రసాయనంగా ఆర్సెనిక్ సల్ఫైడ్. దాన్ని బాగా శుద్ధి చేసి, కరిగించి, చల్లారిస్తే ఎర్రటి గాజు అవుతుంది. గంధకం, సెలీనియం, టెల్లూరియం ఆధారంగా చేసే ఇలాంటి గాజులను చాల్కోజెనైడ్ గాజులంటారు. వాటితో ఫైబర్ మొదట సాగదీసినవారిలో ఉన్నది పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. గాజుపోగుల కట్ట ద్వారా బొమ్మను పంపించవచ్చని 1954లో చూపించి పేరు తెచ్చుకున్న ఆయన, 1965లో ఆర్సెనిక్ సల్ఫైడ్ ఫైబర్ గురించి ఒక సహచరుడితో కలిసి రాశారు. దేశం పద్మవిభూషణ్ ప్రకటించేసరికి 2021 వచ్చింది, ఆయన అప్పటికే లేరు.

సల్ఫైడ్ ఫైబర్ 6 మైక్రాన్ల దాకా, సెలెనైడ్ 9, 10 దాకా, టెల్లూరియం కలిసినవి 12 దాకా దారి ఇస్తాయి. సెలెనైడ్ గాజును చేతిలో పట్టుకుంటే నల్లరాయిలా ఉంటుంది, అవతల ఏమీ కనిపించదు. కారు అద్దం సంగతి ఇక్కడ తిరగబడింది. కంటికి గోడ, వేడికి అద్దం.

దీన్ని వండటం గురించి కొంచెం చెప్పుకోవాలి. గాలి తగిలితే పని చెడుతుంది కాబట్టి, మూలకాలను విడివిడిగా స్వేదనం చేసి, గాలి తీసేసిన సిలికా గొట్టంలో వేసి సీలు చేస్తారు. ఊయలలా ఊగే కొలిమిలో గంటల తరబడి, ఒక్కోసారి రాత్రంతా కలియబెడతారు. మిగిలిన ఆక్సిజన్‌ను పట్టుకోవడానికి చిటికెడు అల్యూమినియమో మెగ్నీషియమో వేస్తారు. హైడ్రోజన్ కొద్దిగా మిగిలినా గంధకంతో జతకట్టి 4 మైక్రాన్ల దగ్గర, సెలీనియంతో జతకట్టి 4.6 దగ్గర దొంగలా కూర్చుంటుంది. వేడిలో గొట్టం పగిలితే ఆర్సెనిక్ ఆవిరి. అందుకే ఈ పని అందరి వల్లా కాదు. రష్యాలో నిజ్నీ నొవ్‌గొరొద్ నగరంలో అతిశుద్ధ పదార్థాల రసాయన సంస్థ ఒకటుంది, దశాబ్దాలుగా ఇదే పని. 2009లో వాళ్లు ఆర్సెనిక్ సల్ఫైడ్ ఫైబర్‌లో నష్టాన్ని 3 మైక్రాన్ల దగ్గర కిలోమీటరుకు 12 డెసిబెల్‌కు దించారు. ఇంటర్నెట్ ఫైబర్‌తో పోలిస్తే ఇది ఘోరం, చాల్కోజెనైడ్లలో చూస్తే అద్భుతం. బజారులో దొరికే రకాల్లో మీటరుకే డెసిబెల్‌లో పదో వంతో, అంతకన్నా ఎక్కువో పోతుంది.

ఇంకో ఖర్చు కొసల దగ్గర ఉంది. కాంతిని గాజు ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం సిలికాకు సుమారు 1.45, ఆర్సెనిక్ సల్ఫైడ్‌కు 2.4, సెలెనైడ్‌కు 2.8. గుణకం పెరిగేకొద్దీ గాలి నుంచి గాజులోకి దిగేటప్పుడు వెనక్కి తిరిగిపోయే వెలుతురు పెరుగుతుంది. సిలికా కొస దగ్గర పోయేది నూటికి మూడు నాలుగు పాళ్లు. సల్ఫైడ్ దగ్గర పదిహేడు, సెలెనైడ్ దగ్గర ఇరవై రెండు. ఫైబర్‌కు రెండు కొసలు. లోపల ఒక్క చుక్క పోకపోయినా, సల్ఫైడ్ ఫైబర్ దాటేసరికి నూటికి ముప్పై పాళ్లు గుమ్మాల దగ్గరే పోయినట్టు. పైన పలుచటి పూత వేసి తగ్గిస్తారు, కాకపోతే ఆ పూతా మెత్తటి గాజు మీద నిలవాలి. సిలికా ఫైబర్‌తో అతికించడం ఇంకో తలనొప్పి. ఒకటి 2,000 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఇంకోటి 200 దగ్గర. మామూలు స్ప్లైసింగ్ మెషిన్‌లో పెడితే ఒకటి కదలకముందే ఇంకోటి బొట్టు అయిపోతుంది.

ఇన్ని అవలక్షణాల మధ్య చాల్కోజెనైడ్‌కు ఒక వరం ఉంది. బలమైన కాంతి పడితే ఈ గాజు స్పందించే తీరు సిలికా కంటే వందల రెట్లు తీవ్రం. ఒక రంగు కాంతిని లోపలికి పంపితే, అది విప్పారి ఎన్నో తరంగదైర్ఘ్యాలుగా బయటికి వస్తుంది. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో పొట్టి ఆర్సెనిక్ సెలెనైడ్ పోగుతో 1.4 నుంచి 13.3 మైక్రాన్ల దాకా ఒకే ధార పుట్టించారు. వాయువులను, రసాయనాలను గుర్తుపట్టే పరికరాలకు అంత వెడల్పాటి దీపం మామూలుగా దొరకదు. రెన్‌లోనే ఇంకో ఉపాయం చేశారు. ఫైబర్‌ను మధ్యలో సన్నగా చేసి రక్తరసానికో, కణజాలానికో తాకించడం. కాంతి పోగు ఒంటి మీద నుంచి ఒక వెంట్రుకవాసి బయటికి తొంగిచూస్తూ నడుస్తుంది. తాకిన పదార్థం తనకు నచ్చిన తరంగాలను పీల్చుకుంటుంది, లోటు చూసి జబ్బు ఆనవాలు పట్టవచ్చు. ఫైబర్ ఇక్కడ దారి కాదు, నాలుక.

నక్షత్రాల దగ్గర

ఈ గాజుల్లో అన్నిటికంటే నిశ్శబ్దంగా, నమ్మకంగా గెలిచింది ఖగోళ శాస్త్రంలో. మన పాలపుంత నడిబొడ్డును ధూళి మేఘాలు కప్పేశాయి. మామూలు వెలుతురు వాటిని దాటి రాదు, 2.2 మైక్రాన్ల కాంతి వస్తుంది. చిలీలోని పరనాల్ కొండ మీద 8.2 మీటర్ల టెలిస్కోపులు నాలుగున్నాయి. వాటి వెలుతురును ఒకచోట కలిపే గ్రావిటీ అనే పరికరంలో ఉన్నవి ఫ్లోరైడ్ గాజుపోగులు. 2 నుంచి 2.4 మైక్రాన్ల మేర సిలికా సరిహద్దు దాటిపోయింది కాబట్టి వేరే దారి లేదు. వాతావరణం నలిపేసిన కాంతి తరంగాన్ని ఆ సన్నటి పోగు దువ్వి, శుభ్రమైన భాగాన్నే లోపలికి రానిస్తుంది. 2018 మే నెలలో ఎస్2 అనే నక్షత్రం పాలపుంత మధ్యనున్న కృష్ణబిలం పక్కగా గంటకు 2.5 కోట్ల కిలోమీటర్లకు మించిన వేగంతో దూసుకుపోవడాన్ని ఆ పరికరంతో కొలిచారు. ఆ పరిశోధనకు నాయకుడైన రైన్‌హార్డ్ గెంజెల్‌కు 2020 నోబెల్‌లో వాటా దక్కింది. దానికి చాలా ముందే, హవాయిలోని రెండు కెక్ టెలిస్కోపులను ఒక్కోటి 300 మీటర్ల ఫ్లోరైడ్ ఫైబర్లతో జతచేసి చూశారు, 2006లో ఆ ఫలితం వెలువడింది. సముద్రం దాటలేకపోయిన గాజు, 300 మీటర్లలో తన విలువ చూపించుకుంది.

మరో పక్క, స్ఫటికాల బెడద వదిలించుకోవడానికి కొందరు ఏకంగా భూమినే వదిలారు. గురుత్వం లేనిచోట కరిగిన గాజులో బరువైనవి కిందికి దిగవు, వేడి ప్రవాహాలు కలబెట్టవు, స్ఫటికాలు మొలవడం తగ్గుతుంది. 1990ల్లో నాసా మార్షల్ కేంద్రం విమానాల్లో కొన్ని సెకన్ల భారరహిత స్థితిలో దీన్ని పరీక్షించింది. 2017 నుంచి చిన్న కంపెనీలు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో తీగ లాగే పెట్టెలు పెట్టాయి. 2024 మొదట్లో ఫ్లాలెస్ ఫొటోనిక్స్ అనే సంస్థ పెట్టె అక్కడ 5 కిలోమీటర్లకు పైగా జీబ్లాన్ తీగ లాగింది. వార్తల్లో దీన్ని విప్లవంగా రాశారు. కొంచెం ఆగి చూడాల్సిన విషయమిది. అంతరిక్షం స్ఫటికాలను ఆపగలదు, ఇనుమునూ తేమనూ తీసేయలేదు. ఆ మురికి, తీగ లాగడానికి ముందు చేసే గాజు కడ్డీ తయారైన రోజే భూమి మీద కలిసిపోయి ఉంటుంది. రాకెట్ ఎక్కించడానికి ముందు బట్టీ దగ్గర గెలవాల్సిన పోరు అది.

మన దగ్గర గాజు మీద పని తక్కువేమీ కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, గుంటూరు దగ్గరి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్ర విభాగాల్లో ఎర్బియం, నియోడిమియం లాంటి మూలకాలు కలిపిన గాజులు వండి, అవి ఏ కాంతిని పీల్చి ఏ కాంతిని వదులుతాయో కొలవడం ఎన్నో ఏళ్లుగా సాగుతున్న పరిశోధన. ఎంతోమందికి పీహెచ్‌డీలు దానిమీదే వచ్చాయి. ఐతే బిళ్ల చేసి కొలవడానికీ, కడ్డీ చేసి తీగ లాగడానికీ మధ్య దూరం చాలా ఉంది. బిళ్లకు మిల్లీమీటర్ల మందం చాలు, అందులో మలినం కనిపించదు. అదే మలినం మీటర్ల పొడవున కాంతిని పూర్తిగా తినేస్తుంది. తీగ లాగే టవర్, అతిశుద్ధ ముడిసరుకు, తేమ లేని గది కావాలి. దేశంలో ప్రత్యేక ఫైబర్లు లాగే సౌకర్యం ఉన్న ప్రభుత్వ సంస్థల్లో ముందు చెప్పుకోవాల్సింది కోల్‌కతాలోని కేంద్ర గాజు, పింగాణీ పరిశోధనా సంస్థ.

ఇప్పుడు ఈ మెత్తటి గాజులన్నిటికీ పోటీగా వస్తున్నది గాజు కాదు, ఖాళీ. మధ్యలో బోలుగా ఉండి, చుట్టూ వెంట్రుక కన్నా పలుచటి గాజు గోడలు అమర్చిన ఫైబర్‌లో కాంతి దాదాపు మొత్తం గాలిలోనే నడుస్తుంది, గోడకు తగిలేది లేశం. గాజు తాగడానికి అవకాశమే ఇవ్వనప్పుడు ఏ గాజైతే ఏం? సిలికాతోనే చేసిన బోలు ఫైబర్లలో 3, 4 మైక్రాన్ల కాంతిని పంపించవచ్చని ఇంగ్లండ్‌లో బాత్ విశ్వవిద్యాలయం చూపించింది. సౌతాంప్టన్ పరిశోధకులు 1.55 మైక్రాన్ల దగ్గర బోలు ఫైబర్ నష్టాన్ని కిలోమీటరుకు 0.1 డెసిబెల్ కిందికి దించినట్టు 2025లో ప్రకటించారు. మామూలు సిలికా నలభై ఏళ్లలో చేరలేని అంకె అది. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో గొంతు శస్త్రచికిత్సలు చేసేవారు ఇప్పటికే లోపల పూత వేసిన బోలు తీగలు వాడుతున్నారు.

కాంతిని మోసుకెళ్లే పని వరకు మెత్తటి గాజులకు ఇది గట్టి దెబ్బే. కాంతిని పుట్టించే పని వేరు. బోలు ఫైబర్ నడుమ ఉన్నది గాలి, గాలిలో ఎర్బియం కలపలేరు. దాన్ని నిలబెట్టి 2.8 మైక్రాన్ల కాంతి వదలనివ్వాలంటే, ఊపు బలహీనంగా ఉండే గాజు ఒకటి చుట్టూ ఉండి తీరాలి. 300 డిగ్రీలకే జారిపోయే, తేమ తగిలితే కొస కాలిపోయే ఆ జీబ్లాన్ పోగునే ఇప్పటికీ జాగ్రత్తగా చుట్టచుట్టి లేజర్ పెట్టెల్లో పెడుతున్నారు.